మునిగిన కొమ్మల్లో క్రాపీ చేప: ఫ్లై గాలంతో డాలర్లు నీళ్ళపాలు కాకుండా

సందేహం: అన్నగారూ, డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఊళ్ళో కాలవ గట్టున వెదురు కర్రతో చేపలు పట్టిన అలవాటుంది. ఇక్కడ ఫ్లై గాలంతో, అంటే కొక్కేనికి ఈకలు చుట్టిన ఉత్తుత్తి ఎరతో, క్రాపీ అనే చెరువు చేపను పట్టడం నేర్చుకోవాలనుంది. చెట్లు మునిగి ఉన్నచోట గాలం ఊరికే చిక్కుకుంటుందంటున్నారు. ఏం కొనాలి, ఎలా మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, చిక్కుకుంటుంది. క్రాపీ ఉండేదే అక్కడ మరి. కొమ్మల మధ్య షాడ్ అనే చేపల పిల్లలు దాక్కుంటాయి, వాటి కోసం క్రాపీ నీడలో కదలకుండా నిలబడుతుంది. ఖాళీ నీళ్ళలో రోజంతా విసిరినా చెయ్యి నొప్పే మిగులుతుంది. కాబట్టి చిక్కుకున్నప్పుడల్లా ఎంత పోతుందో ముందే లెక్క చూసుకోవాలి. దుకాణంలో ఒక్కో ఫ్లై రెండున్నర, మూడు డాలర్లు. పొద్దున వెళ్ళి పదింటికల్లా ఎనిమిది పోగొట్టుకుంటే ఇరవై డాలర్లు దాటింది, మన లెక్కలో 1,700 రూపాయల పైమాటే. మొదటి ఏడాది నేనూ అలాగే పోగొట్టాను. ఇప్పుడు ఒక్క ఫ్లైతో రెండు మూడు సార్లు వెళ్ళొస్తాను. ఆ తేడా ఎక్కడుందో నా తప్పుల వరసలోనే చెబుతాను.

మొదటి తప్పు దారంలో. సన్నదారమైతే చేపకు కనపడదని 4 పౌన్ల బరువుకు మించి ఆగని దారం కట్టి, దాని చివర బలమైన కొక్కెం పెట్టాను. కొమ్మకు తగిలి లాగితే కొక్కెం వంగదు, దారమే తెగుతుంది, ఫ్లై కొమ్మకే ఉండిపోతుంది. అది తిరగెయ్యాలి. కొక్కెం సన్న తీగది, ఆబర్డీన్ రకం, 8 నంబరు. దారం 8 పౌన్లది. అప్పుడు లాగితే కొక్కెం తిన్నగా సాగి కొమ్మ నుంచి ఊడి వస్తుంది. పట్టకారుతో మళ్ళీ వంచుకోవచ్చు. రెండు మూడు సార్లు వంచాక తీగ అలిసిపోతుంది, ఆ తర్వాత చేపకే సాగిపోతుంది కనుక పారెయ్యి. డాలస్ దగ్గరి లావన్ లాంటి మట్టినీళ్ళ చెరువుల్లో క్రాపీ దారం మందం చూసి బెదరదు.

లీడర్, అంటే లావు దారానికీ ఫ్లైకీ మధ్య కట్టే సన్నదారం, కూడా కొనకు. 20 పౌన్ల నైలాన్ నాలుగడుగులు, దానికి 12 పౌన్లది రెండడుగులు, చివర 8 పౌన్ల ఫ్లోరోకార్బన్ మూడడుగులు కట్టుకుంటే తొమ్మిదడుగుల లీడర్ తయారు. ఫ్లై దుకాణంలో అమ్మే 30 గజాల చిన్న చుట్ట డబ్బుకు, మామూలు గాలపు సామాను వరసలో 200 గజాల చుట్ట దొరుకుతుంది. క్రాపీకి ఆ రెండింటికీ తేడా లేదు.

రెండో తప్పు ఖరీదైంది. చిక్కుకున్నప్పుడు కర్ర ఎత్తి, విల్లులా వంచి లాగాను. కర్ర కొస విరిగింది. ఫ్లై కర్ర కొస విరిస్తే కొత్త ముక్క ఖర్చు, అది వచ్చేదాకా ఎదురుచూపు. చిక్కుకుంటే ముందు లాగకు. దారం వదులు చేసి కర్ర కొసను సన్నగా ఆడించు, సగం సార్లు బరువుకు ఫ్లై తనే జారి పడుతుంది. పడకపోతే చిక్కుకున్న చోటు దాటేలా దారాన్ని రోల్ కాస్టు చెయ్యి, అంటే కర్రను వెనక్కి విసరకుండా నీళ్ళ మీదుగా దారాన్ని ముందుకు దొర్లించు. దారం చుట్ట అవతల పడి, లాగుడు ఎదురు దిక్కు నుంచి పడుతుంది. అదీ కుదరకపోతే గట్టు మీద నడిచి అవతలి పక్కకు వెళ్ళి లాగు. ఆఖరి మార్గం, కర్రను కొమ్మ వైపు తిన్నగా చూపించి, రీలు దగ్గర దారం పట్టుకుని నెమ్మదిగా వెనక్కి నడవడం. కర్ర వంగనే కూడదు. దారం వేలికి చుట్టుకోకు, కోస్తుంది. మొహం పక్కకు తిప్పు, ఊడిన ఫ్లై తూటాలా వస్తుంది. కళ్ళద్దాలు తప్పనిసరి.

లూయిస్‌విల్, రే రాబర్ట్స్ చెరువుల్లో మునిగిన కర్రల మీద జీబ్రా మసల్స్ అనే చిన్న ఆల్చిప్పలు అంటుకుని ఉంటాయి. వాటి అంచులు బ్లేడే. దుంగకు రాసుకున్న ప్రతిసారీ చివరి అడుగు దారాన్ని రెండు వేళ్ళ మధ్య జార్చి చూడు. గరుకు తగిలితే ఆ అరడుగు కత్తిరించి కొత్త ముడి వెయ్యి. అరడుగు దారం విలువ పైసల్లో ఉంటుంది. అది ఆదా చేశానని ఫ్లైతో పాటు చేపనూ పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ.

మూడోది లోతు. కాలవ గట్టున నువ్వు ఎర్ర గుచ్చి అడుక్కి దింపి ఉంటావు. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. క్రాపీ చూపు పైకి, పైనున్నదాన్నే ఎక్కివచ్చి తింటుంది. కిందకి దిగడం బహు తక్కువ. ఫ్లై దాని తలకు అడుగు ఎత్తున వేలాడాలి. కొమ్మల గుబురు ఆరడుగుల లోతులో మొదలైతే బెండు కింద ఐదడుగులు వదులు. ఇక్కడ బెండును ఇండికేటర్ అంటారు, పని మన బెండు పనే. అంతకు మించి పొడవు వదిలితే ఫ్లై కర్రతో విసరడం కష్టం, దారం మెడకు చుట్టుకుంటుంది. ఇంకా లోతుకు వెళ్ళాలంటే బెండు తీసేసి అంకెలు లెక్కపెట్టాలి. నీ ఫ్లై ఎంత వేగంగా దిగుతుందో అపార్ట్‌మెంట్ ఈతకొలనులో ఎవరూ లేనప్పుడు చూసుకో: కొలను అంచున లోతు రాసే ఉంటుంది, కొక్కెం మొన కత్తిరించిన ఫ్లై ఒకటి వదిలి అడుగు తాకేదాకా లెక్కపెట్టు. నాలుగడుగులకు ఆరు అంకెలైతే, ఎనిమిదడుగులకు పన్నెండు. ఒక చేప ఏ అంకె దగ్గర పడిందో గుర్తుపెట్టుకో. క్రాపీలు గుంపుగా ఒకే ఎత్తున నిలబడతాయి, రెండోదీ అక్కడే ఉంటుంది.

బెండు కింద ఫ్లై అడ్డంగా, చిన్న చేపలా పడుకుని ఉండాలి. కొక్కెం కన్ను (దారం కట్టే రంధ్రం) మీద ముడి ముందుకు జారితే మూతి పైకెత్తి నిలువుగా వేలాడుతుంది, క్రాపీ చూసి వదిలేస్తుంది. చేప పడిన ప్రతిసారీ, చిక్కుకున్న ప్రతిసారీ ముడిని గోటితో కన్ను పైభాగానికి జరుపు. ఇంత చిన్న సంగతికి నాకు ఒక సీజను పట్టింది.

విసరడంలో దూరం అక్కర్లేదు. ఇరవై, ముప్ఫై అడుగులు చాలు. పడిన చెట్టు మీదుగా అడ్డంగా విసిరావంటే లాక్కునేటప్పుడు ప్రతి కొమ్మా ఎక్కాలి. దుంగ పొడవునా, దాని పక్కనే విసిరితే ఆసాంతం నీడ అంచునే వస్తుంది. ముందు బయటి కొసలు వెతుకు, తర్వాత లోపలికి రా. లోపలి చేపను ముందు పడితే అది గింజుకుంటూ బయటి గుంపును చెదరగొడుతుంది. లాగడం అంటే వేళ్ళతో దారాన్ని అంగుళం అంగుళం అరచేతిలోకి చేర్చుకోవడమే, అంతకంటే వేగం వద్దు. వసంతంలో ఉత్తర టెక్సాస్ గాలి బలంగా ఉంటుంది, బెండును కొమ్మల్లోకి తోసేస్తుంది. గాలి కొమ్మల నుంచి నీ వైపు వీచే చోట నిలబడు.

బెండు ఒక్కోసారి మునగదు, పక్కకు ఒరుగుతుంది. చేప ఫ్లైని ఎత్తిందన్నమాట. అదీ పట్టుకిందే లెక్క. కర్రను మెల్లగా పైకెత్తు, అంతే. బొచ్చెను గుంజినట్టు గుంజితే మూతి చిరుగుతుంది, దీని పెదవి కాగితం లాంటిది. గట్టు మీదికి దారంతో ఎత్తకు, చేతి వల పెట్టు.

ఇక ఖర్చు. 5 నంబరు కర్ర, తొమ్మిదడుగులది, తేలే దారం, రీలు కలిపి వంద డాలర్ల లోపు సెట్టు చాలు. ఫిష్ ఫైండర్, నీళ్ళలో దిగే ప్యాంట్లు మొదటి ఏడాది ముట్టుకోకు. మునిగిన కొమ్మల గుబుర్లు ఎక్కడున్నాయో తెలియాలంటే, టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ (రాష్ట్ర వన్యప్రాణి శాఖ) వాళ్ళు చేపల కోసం వేసినవాటి జీపీఎస్ గుర్తులు ఉచితంగానే పెట్టారు. నీటిమట్టం తగ్గినప్పుడు గట్టు వెంట నడిచి, బయటపడ్డ మోళ్ళకు ఫోటోలు తీసుకున్నా చాలు. నీళ్ళు నిండాక అవే నీ పటం.

ఫ్లైలు నువ్వే కట్టుకో. కొక్కెం బిగించే చౌక వైసు ఒకటి కొని, మెత్తని మరాబూ ఈక, నూగు ఉండే షెనీల్ తాడు, చిన్న పూసకళ్ళు తెచ్చుకుంటే ఒక్కోటి అర డాలరు కూడా పడదు. కొక్కెం కన్ను వెనక పూసకళ్ళను అడ్డంగా, ఎనిమిది అంకె ఆకారంలో దారం తిప్పి కట్టు. వాటిని కొక్కెం కాడకు పైవైపున కడితే నీళ్ళలో ఫ్లై తిరగబడి మొన పైకి ఉంటుంది, కొమ్మలకు తక్కువ తగులుతుంది. వెనక తెల్ల మరాబూ తోక, కాడ పొడవుకు మించకుండా. పొడుగు పెడితే చేప తోకే కొరికి పోతుంది. కాడకు షెనీల్ చుట్టి, ముందు దారం ముడేసి, గోళ్ళరంగు చుక్క వెయ్యి. తెలుపు, చిలకపచ్చ రెండు రంగులు చాలు.

మార్చి చివర, ఏప్రిల్ నెలల్లో నీళ్ళు 60 డిగ్రీల ఫారన్‌హీట్ దాటాక క్రాపీలు గుడ్లు పెట్టడానికి రెండు నుంచి ఆరడుగుల లోతుకు వస్తాయి. గట్టు మీది వాడికి అదే సంక్రాంతి.

నిబంధనలు పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ సైట్లో ఉంటాయి, చూసుకో. క్లుప్తంగా చెప్పాలంటే, 17 ఏళ్ళు నిండితే లైసెన్సు కావాలి, స్టేట్ పార్కు గట్టు మీద నుంచైతే అక్కర్లేదు. సాధారణంగా 10 అంగుళాలు, అంటే జానెడు మీద ఒక అంగుళం, లేని క్రాపీని వదిలెయ్యాలి. రోజుకు 25 దాటకూడదు. కొన్ని చెరువులకు వేరే లెక్కలున్నాయి.

చివరగా, నువ్వు అడగకపోయినా, పులుసు సంగతి. క్రాపీ కండ మెత్తన, పల్చన. ముక్కలు కోసి రాగండిలా మరిగిస్తే విడిపోతుంది. పొలుసు తీసి ముల్లుతోనే ఉంచి, పులుసు పూర్తిగా మరిగి చిక్కబడ్డాక వేసి, ఆరేడు నిమిషాల్లో దించెయ్యి. గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టుకుని తిప్పు. వేపుడైతే ఇంకా మంచిది.