బొబ్బిలి ప్రయాణం గురించి అబ్బాయికి

ఒరేయ్ అబ్బాయ్,

సంక్రాంతి అయ్యాక పిల్లల్నేసుకుని కారులో పాత యుద్ధాలు జరిగిన బొబ్బిలి, పిఠాపురం దగ్గరి చందుర్తి చూసొస్తారని వదిన ఫోన్లో చెప్పింది. మంచి పనేరా, కానీ దారిలో తగిలిందల్లా చూసుకుంటూ పోకు. అమలాపురం నుంచి బయల్దేరితే ముందు తగిలేది చందుర్తే, అక్కడ ఆగకుండా తిన్నగా బొబ్బిలి పో, కథ అక్కడే మొదలైంది.

1757 జనవరి 24న ఫ్రెంచి దొర బుస్సీ ఫిరంగులు, విజయనగరం సైన్యం కలిసి కోట మీద పడటం, బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచెయ్యటం, ఇదంతా మనోళ్లకి తెల్సిందే. కోటలో ఆడవాళ్లు ప్రాణాలొదిలిన సంగతి మాత్రం చిన్నదానికి ఇప్పుడే చెప్పకు. తర్వాతదే చాలామందికి తెలీదు, విజయరామరాజు తర్వాత గద్దెక్కిన ఆనంద గజపతి ఫ్రెంచోళ్లతో చెడి ఇంగ్లీషోళ్లని పిలిచాడు, ఆ గొడవే 1758 డిసెంబర్లో మన చందుర్తి దాకా వచ్చింది.

వచ్చేటప్పుడు పద్మనాభం కూడా చూడండి, 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు కంపెనీ సైన్యం చేతిలో చనిపోయింది అక్కడే. కొండ మెట్లు పొద్దున్నే ఎక్కెయ్యాలి, ఎండెక్కాక పిల్లలు మొరాయిస్తారు.

చందుర్తిలో కోటా బురుజూ ఏం ఉండవు, పొలాలే. అందుకే కారులోనే కథ చెప్పెయ్. ఇంగ్లీషోళ్ల కల్నల్ ఫోర్డ్ తెల్లసైన్యం మనిషెత్తు చేను చాటున పడి కనపడలేదంట, వాళ్ల కొలువులో ఎర్రకోట్లేసుకున్న మన సిపాయిల్నే తెల్లోళ్లనుకుని ఫ్రెంచోళ్లు వాళ్ల మీదకెళ్లారు, ఈలోగా అసలోళ్లు బయటికొచ్చి వాయించేశారు. ఫ్రెంచి దొర కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి పారిపోయాడు. పెద్దోణ్ణి గట్టు మీద నిలబెట్టి, చెల్లెల్ని చేను వెనక దాక్కోమను, ఎలా మోసపోయారో వాడికే అర్థమవుద్ది. పొలం ఆసామిని అడిగే దిగండ్రా, చేను తొక్కొద్దు.

ఫ్రెంచోళ్ల చేతిలో ఉన్న బందరు కోట దీంట్లో కలపకు, అది ఎదురు దారి. ఆనంద గజపతి ఇస్తానన్న డబ్బు ఇవ్వక ఫోర్డ్ రోజుల తరబడి ఆగిపోయి (డబ్బు దగ్గర రాజులైనా అంతే!) 1759 ఏప్రిల్లో రాత్రిపూట చిత్తడి తొక్కుకుంటూ ఆ కోట పట్టాడు. అది వేరే ఆదివారం 216 హైవే మీద నరసాపురం మీదుగా పోయి చూడొచ్చు.

స్టెప్నీలో గాలి చూపించు. పెరుగన్నం డబ్బా అమ్మాయినే సర్దమను, నువ్వు మర్చిపోతావ్.

మీ బాబాయ్