టెక్ సందేహాలు: వాటర్ టేబుల్ గీత గీయగానే అంకె కూలిపోయింది, బగ్గా?

ప్రశ్న: ఎం.టెక్. జియోటెక్నికల్ చదువుతున్నాను. ప్రాజెక్టుకు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని ఓబీ డంపు (బొగ్గు పైనుంచి తవ్వి తీసిన మట్టి, రాళ్ల గుట్ట) తీసుకున్నాను. వాలు 20 డిగ్రీలు, ఫ్రిక్షన్ యాంగిల్ (రేణువుల మధ్య రాపిడిని చెప్పే కోణం) 30 డిగ్రీలు, కొహీషన్ (రేణువులు ఒకదానికొకటి అంటుకునే గుణం) సున్నా. వాలు స్థిరత్వం లెక్కించే హైర్కాన్‌లో పొడి వాలుకు ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ (ఒకటి కన్నా తక్కువైతే వాలు జారుతుందని అర్థం) 1.59 వచ్చింది. వాలు ఉపరితలం వెంటే వాటర్ టేబుల్ (భూగర్భజల మట్టం) గీస్తే 0.7కి పడిపోయింది. ఉచిత సాఫ్ట్‌వేర్ కాబట్టి తప్పు చూపిస్తోందా? ఖరీదైన సాఫ్ట్‌వేర్ క్రాక్ ఇస్తానని స్నేహితుడు అంటున్నాడు. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీ.
– ఓ విద్యార్థిని, గోదావరిఖని

జవాబు: బగ్ కాదు. అంకె చూసి అనుమానం రావడం మాత్రం చాలా మంచి లక్షణం, దాన్ని వదులుకోకండి.

క్యాలిక్యులేటర్ తీయండి. కొహీషన్ లేని పొడవాటి పొడి వాలుకు ఫ్యాక్టర్ అంటే టాన్ 30ని టాన్ 20తో భాగించడమే. 0.577 బై 0.364, అంటే 1.59. సాఫ్ట్‌వేర్ చెప్పిందీ అదే. ఇక నీళ్ల సంగతి. నీరు మట్టి బరువు పెంచడం వల్ల వాలు జారుతుందని చాలామంది అనుకుంటారు. అసలు దెబ్బ పోర్ ప్రెషర్‌ది, అంటే రేణువుల మధ్య ఖాళీల్లోని నీటి పీడనానిది. అది రేణువులను ఒకదాని నుంచి ఒకటి ఎడంగా నెడుతుంది, వాటి మధ్య రాపిడి తగ్గిపోతుంది. తడి మట్టి బరువు ఘనపు మీటరుకు 20 కిలోన్యూటన్లు అనుకుని, నీరు వాలుకు సమాంతరంగా పారుతోందనుకుంటే ఫ్యాక్టర్ 0.81 వస్తుంది.

మరి మీకు 0.7 ఎందుకు వచ్చింది? మీరు నేర్చుకోవాల్సిన అసలు పాఠం ఇక్కడే ఉంది. మీరు గీసిన గీత నుంచి కిందికి ఎంత లోతు ఉంటే అంత నీటి పీడనం అని సాఫ్ట్‌వేర్ లెక్కేసింది. నీరు నిలిచి ఉంటే అది సరే. వాలు వెంట పారే నీటికి ఆ పీడనం కొంత తక్కువ, వాలు కోణం కొసైన్ వర్గంతో గుణించినంత. వాలు సాఫ్ట్‌వేర్‌కు నీరు ఎటు పారుతోందో తెలియదు, మీరిచ్చిన పీడనాన్నే నమ్ముతుంది. ఆ పీడనం ఎంతో తేల్చడానికే భూగర్భజల ప్రవాహ మోడలింగ్.

బొగ్గు వ్యర్థాల గుట్ట విషయంలో దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో ఊట మీద పోసిన గుట్ట 1966 అక్టోబర్ 21న జారి బడిమీద పడింది. 144 మంది చనిపోయారు, వారిలో 116 మంది పిల్లలు. మీ డంపు కింద పాత వాగు ఉందేమో ముందు చూడండి.

ప్రవాహం నేర్చుకోవడానికి ఎక్సెల్ చాలు. ఐటరేటివ్ క్యాలిక్యులేషన్ ఆన్ చేయండి. అంచు గడుల్లో తెలిసిన నీటిమట్టాలు రాయండి. లోపలి ప్రతి గడిలో చుట్టూ ఉన్న నాలుగు గడుల సగటు ఫార్ములా పెట్టండి. ఒకే రకం మట్టికి హెడ్‌లు (ఒక్కో చోట నీటిమట్టాలు) కళ్లముందే సర్దుకుంటాయి. మట్టిలో నీరు ఎంత వేగంగా పారుతుందో చెప్పే డార్సీ సూత్రం పుస్తకంలో పదిసార్లు చదివినా రాని పట్టు ఒక్క సాయంత్రంలో వస్తుంది. ఆ హెడ్‌ల నుంచి పీడనం తీసి వాలు లెక్కలో పెట్టండి.

క్రాక్ వద్దు. మాల్వేర్ ప్రమాదం ఉంది, పైగా ఆ అంకెలతో రాసిన రిపోర్టును మీరు ఎవరి ముందూ ధైర్యంగా పెట్టలేరు. మీ కాలేజీకి విద్యా లైసెన్సు ఉందేమో అడగండి. టూడీ వాలు లెక్కలకు మీ 8 జీబీ సరిపోతుంది.

ప్రశ్న: మాడ్‌ఫ్లో నేర్చుకోవాలంటే పైథాన్ రావాలా?

జవాబు: అక్కర్లేదు. అమెరికా జియలాజికల్ సర్వే 1984 నుంచి ఉచితంగా ఇస్తున్న ఈ భూగర్భజల ప్రవాహ మోడలింగ్ ప్రోగ్రాంకు మోడల్‌మ్యూజ్ అనే తెర ఉంది, అదీ ఉచితమే. మౌస్‌తోనే పని అవుతుంది. అదే మోడల్‌ను యాభై రకాల పర్మియబిలిటీలతో (మట్టి నీటిని పారనిచ్చే గుణం) నడపాల్సి వచ్చినప్పుడు పైథాన్‌తో మాడ్‌ఫ్లోను నడిపే ఫ్లోపై వైపు వెళ్లండి. బంకమట్టికీ గులకరాళ్లకీ పర్మియబిలిటీలో లక్షల నుంచి కోట్ల రెట్ల తేడా ఉంటుంది కనుక ఆ రోజు తప్పకుండా వస్తుంది.