కిర్మానీ అంటే పురుగా, ఊరా, పిస్తానా?

ప్రశ్న ఇది: "కర్నూల్లో మా పక్కింటివాళ్ల ఇంటిపేరు కిర్మానీ. క్రికెటర్ సయ్యద్ కిర్మానీదీ అదే. ఇరాన్‌లో కెర్మాన్ అని ఊరుంది, అమెరికాలో ఇంకో కెర్మాన్ ఉంది. నెట్‌లో వెతికితే 'పురుగు' అని అర్థం వస్తోంది. ఇవన్నీ ఒకటేనా?"

ఈ చిక్కులో నేనూ ఒకసారి పడి నవ్వులపాలయ్యాను, అందుకే రాస్తున్నా. నేను నాలుగేళ్లు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో పనిచేశాను. మా ఆఫీసులో ఒకావిడ ఇంటిపేరు కెర్మానీ. ఫ్రెస్నోకి పడమరగా పాతిక కిలోమీటర్ల దూరంలో 180వ నంబరు రోడ్డు మీద కెర్మాన్ అనే చిన్న ఊరుంది. రెండూ కలిపేసుకుని, "ఆ ఊరు మీవాళ్లే కట్టారా?" అని అడిగేశాను. ఆవిడ చేతిలో కాఫీ ఒలికేంతగా నవ్వింది.

విషయం ఏమిటంటే, కాలిఫోర్నియా కెర్మాన్‌కి ఇరాన్‌తో సంబంధమే లేదు. మొదట అది కోలిస్ అనే రైల్వే స్టేషన్. కెర్కాఫ్, మాన్సర్ అనే ఇద్దరు అక్కడ భూమి కొని, తమ పేర్లలో మొదటి అక్షరాలు కలిపి 1906లో కెర్మాన్ అని పెట్టారు. కెర్, మాన్. అంతే. మన దగ్గర పిల్లలకి అమ్మానాన్నల పేర్లు అతికించి పెట్టినట్టు.

తమాషా ఏమిటంటే, ఆ చుట్టుపక్కల పొలాల్లో పండే పిస్తాలో ప్రధాన రకం పేరు కూడా 'కెర్మాన్'. ఇది మాత్రం నిజంగా ఇరాన్‌దే. అమెరికా వ్యవసాయ శాఖ 1929లో వైట్‌హౌస్ అనే వృక్షశాస్త్రజ్ఞుణ్ణి ఇరాన్ పంపింది. ఆయన తెచ్చిన విత్తనాల్లో రఫ్సంజాన్ తోటల నుంచి వచ్చిన ఒక మొక్క బాగా కాసింది. రఫ్సంజాన్ కెర్మాన్ ప్రాంతంలోదే కాబట్టి ఆ పేరు పెట్టి 1957లో రైతులకి విడుదల చేశారు. అంటే ఒకే జిల్లాలో ఊరి కెర్మాన్ వేరు, చెట్టు కెర్మాన్ వేరు. సెప్టెంబరులో యంత్రం చెట్టు మొదలు పట్టుకుని ఊపుతుంటే కాయలు జలజలా రాలేవి. అది చూడటానికే రెండుసార్లు వెళ్లాను.

ఇక అసలు ఊరు. ఇరాన్‌కి ఆగ్నేయాన, ఎడారి అంచున ఉంటుంది. తివాచీలకీ, పిస్తాకీ, జీలకర్రకీ పేరు. జీలకర్ర సంగతి నాకు తెలిసిన తీరు వేరే. ఆఫీసులో ఒక రోజు అందరం తలా ఒక వంట తెచ్చుకున్నాం. నేను జీరా రైస్ చేసుకెళ్లాను. కెర్మానీగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "కెర్మాన్‌కి జీలకర్ర మోసుకొచ్చావు" అంది. ఇరాన్ భాష పారసీలో అది సామెత: 'జీరే బె కెర్మాన్ బుర్దన్'. మనం గుంటూరుకి మిరపకాయలు పట్టుకెళ్తే ఎలా ఉంటుందో అలా. జీరా అనే మాట మాత్రం మనకి సంస్కృత 'జీరక' నుంచి వచ్చింది.

ఆ రోజే టిష్యూ పేపర్ మీద తన పేరు రాసి చూపించింది. పారసీ లిపిలో పొట్టి అచ్చులు సాధారణంగా రాయరు. క, ర, మ మూడు హల్లులే రాసి వదిలేస్తే 'కెర్మ్' అని చదవొచ్చు, పురుగు. 'కరమ్' అనీ చదవొచ్చు, దయ. మీకు నెట్‌లో దొరికిన 'పురుగు' ఇక్కడిది. పైగా దానికి ఒక కథ కూడా ఉంది. పారసీ కవి ఫిర్దౌసీ రాసిన షాహ్‌నామా కావ్యంలో హఫ్త్‌వాద్ అనే పేదవాడి కూతురు పత్తి వడుకుతూ, రాలిన ఆపిల్ తింటుంటే అందులో పురుగు కనిపిస్తుంది. దాన్ని పారేయకుండా కదురు పెట్టెలో దాచుకుంటుంది. ఆ రోజు నుంచి వడికిన నూలు రెట్టింపవుతుంది. ఇంట్లో సిరి, ఆ తర్వాత కోట. పురుగు కూడా ఏనుగంత అవుతుంది. చివరికి అర్దషీర్ రాజు వర్తకుడి వేషంలో వచ్చి దాని నోట్లో కరిగిన లోహం పోసి చంపుతాడు. ఆ పురుగు వల్లే ఊరికి కెర్మాన్ అని పేరొచ్చిందని కథ.

కథ బాగుంది కానీ ఊరి పేరు అంతకంటే చాలా పాతది. ఇరాన్‌లోని సూసాలో తన మహలు కట్టించిన పారసీక చక్రవర్తి దరియస్, 'యకా' అనే కలప గాంధారం నుంచీ కర్మాన (అంటే ఈ కెర్మాన్) నుంచీ తెప్పించానని రాతి మీద చెక్కించాడు. 2,500 ఏళ్ల కిందటి మాట. గ్రీకులు దాన్నే కార్మానియా అన్నారు. పురుగు అర్థం తర్వాత జనం అతికించుకున్నదే. ఒక్కటి మాత్రం నాకు నచ్చింది: పారసీ 'కిర్మ్', మన సంస్కృత 'క్రిమి' రెండూ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. జర్మనీ పేరు కెర్మాన్ నుంచే వచ్చిందని కొందరు ఇరానీలు గట్టిగా వాదిస్తారు, గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ పారసీక తెగల్లో 'జెర్మానియోయ్' అని రాశాడు కాబట్టి. దాన్ని నమ్మకండి.

మీ అసలు ప్రశ్న ఇంటిపేరు గురించి. చివర ఉన్న 'ఈ' చూడండి. ఊరి పేరుకి 'ఈ' చేరిస్తే 'ఆ ఊరి వాడు'. షీరాజీ, ఇస్ఫహానీ, కిర్మానీ. ఇది మనకి కొత్తేం కాదు. నెల్లూరు ఉంటే నెల్లూరి, కొల్లూరు ఉంటే కొల్లూరి అని ఇంటిపేర్లు లేవా? పోలిక యాదృచ్ఛికమే అయినా పద్ధతి ఒకటే. కొల్లూరులో ఉన్నన్నాళ్లూ ఎవరూ మిమ్మల్ని కొల్లూరివారు అనరు, అందరూ ఆ ఊరివాళ్లే కాబట్టి. ఊరు దాటితేనే ఆ పేరుకి పని. ఖ్వాజూ కెర్మానీ అనే 14వ శతాబ్దపు కవి సమాధి షీరాజ్‌లో ఉంది. 1896లో ఇరాన్ రాజు నాసిరుద్దీన్ షాని కాల్చిన మీర్జా రెజా కెర్మానీ ఆ పని చేసింది టెహ్రాన్ దగ్గర. 20వ శతాబ్దంలో ఇరాన్ ప్రభుత్వం అందరికీ ఇంటిపేరు తప్పనిసరి చేశాక ఇవి కాగితాల మీద స్థిరపడిపోయాయి. మా సహోద్యోగి టెహ్రాన్‌లోనే పుట్టి పెరిగింది, కెర్మాన్ ఎప్పుడూ చూడలేదు.

ఇక్కడ నాకు బాగా దగ్గరైన సంగతి ఒకటుంది. మాది జహీరాబాద్. బీదర్ 30 కిలోమీటర్లు. చిన్నప్పుడు దాని పక్కనున్న అష్టూర్ గుమ్మటాల (బహమనీ సుల్తానుల సమాధులు) దగ్గరికి ఎన్నోసార్లు వెళ్లాం. దారిలో చౌఖండీ అని ఎనిమిది మూలల రాతి కట్టడం కనిపిస్తుంది. నల్లరాతి మీద చెక్కిన అక్షరాల లోతులో వేలు పెట్టి ఆడుకునేవాళ్లం. అది ఖలీలుల్లా సమాధి అని తెలుసు కానీ, ఆయన ఎక్కడివాడో ఎవరూ చెప్పలేదు. ఆయన కెర్మాన్ పక్కన మాహాన్‌లో ఉండిన సూఫీ గురువు షా నేమతుల్లా వలీ కొడుకు. బహమనీ సుల్తాన్ అహ్మద్ షా ఆ గురువుని దక్కనుకి పిలిస్తే ఆయన రాలేదు, మనవణ్ణి పంపాడు. 1431లో గురువు పోయాక కొడుకు కూడా వచ్చాడు. బదులుగా మాహాన్‌లో గురువు సమాధి మీద మొదటి గుమ్మటం కట్టించింది మన బీదర్ సుల్తానే, 1436లో. ఇంకో మెలిక: నేమతుల్లాకి కిర్మానీ అనే పేరు స్థిరపడింది కానీ ఆయన పుట్టింది సిరియాలోని అలెప్పోలో. కాబట్టి ఇంటిపేరు చూసి రక్తం లెక్కలు వేయకండి.

అలాగే కిర్మానీలంతా ఒకే వంశం అనుకోకండి. ఒకే ఊరి నుంచి వేర్వేరు కాలాల్లో బయల్దేరినవాళ్లు అందరికీ అదే పేరు. 1983 ప్రపంచకప్‌లో కపిల్‌తో విడిపోని 126 పరుగుల భాగస్వామ్యం నిలబెట్టిన సయ్యద్ కిర్మానీ పుట్టింది మద్రాసులో. మీ పక్కింటివాళ్లకీ ఆయనకీ బంధుత్వం ఉందో లేదో ఆ పేరుని బట్టి చెప్పలేం.

పలుకుబడి తేడాకి కంగారు పడొద్దు. కిర్మాన్ పాత పలుకు, మన దేశంలో అదే నిలిచింది. ఇప్పటి ఇరానీలు కెర్మాన్ అంటారు. రాసేది మాత్రం ఒకేలా. కెర్మాన్‌షా అనేది వేరే నగరం, దేశానికి పడమర, ఇరాక్ వైపు. కెర్మాన్‌ని ఏలిన బహ్రామ్ అనే యువరాజు బిరుదు నుంచి ఆ పేరొచ్చిందంటారు. ఉక్రెయిన్‌లో అక్కెర్మాన్ అని పాత పేరున్న ఊరు ఇంకో దారి, అక్కడ తుర్కీ భాషలో కెర్మాన్ అంటే కోట.

పక్కింటివాళ్లని అడగాలంటే 'మీ పేరుకి అర్థమేంటి' అని కాకుండా, 'మీ తాతలు కర్నూలుకి ఏ ఊరి నుంచి వచ్చారు' అని అడగండి. బీదర్ అనో గుల్బర్గా అనో జవాబొస్తే నాకూ ఇక్కడ చెప్పండి.