పేస్‌మేకర్ తీగ జారిందంటే ఆపరేషన్ తప్పా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. పది రోజుల కిందట రెండు తీగల పేస్‌మేకర్ పెట్టారు. గుండె పై గది తీగ కదిలింది, మళ్లీ సరిచేయాలంటున్నారు. సరిగా పెట్టలేదా?

జవాబు: అలా అనుకోనక్కర్లేదండి. ఎంత జాగ్రత్తగా పెట్టినా కొందరికి మొదటి వారాల్లో తీగ జారుతుంది. కింది గదికన్నా పై గదిలోనే ఇది ఎక్కువ. అక్కడ గోడ పలుచన, పట్టు తక్కువ.

కాలర్ బోన్ కింద సిరలోంచి తీగను దించి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, జె ఆకారంలో వంచి కుడి కర్ణిక (గుండె కుడి పై గది) అంచున ఆనిస్తారు. కొనలోని సన్నటి మరను కండలోకి తిప్పుతారు. గుండె సంకేతం సుమారు 2 మిల్లీవోల్టులు రావాలి, తీగ పంపే 1.5 వోల్టుల లోపు విద్యుత్తుకే గుండె స్పందించాలి. అసలు మెలకువ తీగకు ఎంత వదులు ఇవ్వాలన్న దానిలో ఉంది. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు తీగ బిగిస్తే కొన ఊడివస్తుంది. మరీ వదిలేస్తే వంపు కిందికి జారి కవాటం దాటుతుంది. అందుకే బల్ల మీదే ఊపిరి పీల్పించి చూస్తారు. తీగను ఛాతీ కండకు కట్టే తొడుగు వదులైనా తీగ జారుతుంది.

మళ్లీ అదే గాయం తెరుస్తారు కాబట్టి ఇన్ఫెక్షన్ ముప్పు కొంత పెరుగుతుంది. ఎరుపు, చీము, జ్వరం కనిపిస్తే వెంటనే చూపించండి. కళ్లు తిరగడం, ఆగని ఎక్కిళ్లు వచ్చినా అంతే. నాలుగు నుంచి ఆరు వారాలు పేస్‌మేకర్ ఉన్న వైపు చేతిని భుజం పైకి ఎత్తనివ్వకండి, బరువులు మోయనివ్వకండి. అలాగని కట్టేసి ఉంచితే భుజం పట్టేస్తుంది; మోచేయి, మణికట్టు రోజూ కదిలించాలి.