అక్క అడిగిన ప్రశ్న: మళ్లీ విన్న ‘ది రోచెస్’

ఎప్పుడో విని పక్కన పెట్టేసిన ఆల్బం ఏళ్ల తర్వాత మనసుకు పట్టిన అనుభవం మీకుందా? నాకుంది. 1979లో వచ్చిన ‘ది రోచెస్’. మ్యాగీ, టెర్రీ, సజీ అనే ముగ్గురు అమెరికన్ అక్కచెల్లెళ్లు పాడారు. బృందానికీ ఆల్బానికీ వాళ్ల ఇంటిపేరే పేరు.

నేను 1999లో ఉద్యోగానికి న్యూజెర్సీ వచ్చాను. వాళ్లు పెరిగిన పార్క్ రిడ్జ్ కూడా ఈ రాష్ట్రంలోదే. మేమూ ముగ్గురు అక్కచెల్లెళ్లమని తెలిసి ఆఫీసులో ఒకావిడ ఆ క్యాసెట్ ఇచ్చింది. న్యూయార్క్ వెళ్లే రైలులో వినేదాన్ని. రైలులో పక్కన కూర్చున్న భారీ మనిషితో మాట కలపలేని ఒక ప్రయాణికురాలి పాట అందులో ఉంది. అది ఒక్కటే నాకు అప్పట్లో నచ్చింది.

మిగతావి ఎందుకు ఎక్కలేదో ఇప్పుడు తెలుస్తోంది. నేను ప్రతి పాటలోనూ అసలు పాట ఎవరు పాడుతున్నారా అని వెతికాను. మన చెవికి అలవాటు అది. వింజమూరి సీత, అనసూయ కలిసి పాడితే రెండు గొంతులూ ఒకే బాణీలో నడుస్తాయి. బుర్రకథలో కథకుడు ఒక చరణం అందుకుంటే పక్కన ఇద్దరూ వంత పాడతారు. రోచ్ అక్కచెల్లెళ్లలో చాలాచోట్ల ఎవరూ ఎవరికీ వంత పాడరు. ముగ్గురికీ మాటలు ఒకటే, బాణీలు మూడు. ఒకసారి దగ్గరకు వస్తాయి, మరుక్షణం దూరం జరుగుతాయి, ఒక్కోసారి శ్రుతి తప్పిందేమో అనిపించేటంత దగ్గరగా రాసుకుంటూ వెళ్తాయి. అప్పుడు నాకది గందరగోళంగా వినిపించింది. క్యాసెట్ డబ్బాలోకి వెళ్లిపోయింది.

కిందటి శీతాకాలం ఇల్లు మారుతూ సామాన్లు సర్దుతుంటే ఆ డబ్బా బయటపడింది. క్యాసెట్ ప్లేయర్ ఎప్పుడో పోయింది కాబట్టి ఫోనులోనే వెతికి పెట్టుకున్నాను. ‘హామండ్ సాంగ్’ దగ్గర చేతిలో పని ఆగిపోయింది.

ఆ పాట వెనుక కథ ఇది. మ్యాగీ, టెర్రీ ఇద్దరూ చిన్నవయసులోనే ప్రసిద్ధ అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ దగ్గర పాటలు రాయడం నేర్చుకున్నారు, 1973లో ఆయన ఆల్బంలో గొంతు కలిపారు. 1975లో తమ సొంత ఆల్బం తెచ్చారు. అది ఆడలేదు. విసిగిపోయి లూసియానాలోని హామండ్ అనే ఊరికి వెళ్లిపోయారు. ఈ పాటలో ఆ ఊరికి వెళ్లే అమ్మాయిని వెళ్లవద్దని బతిమాలుతుంటారు, బెదిరిస్తుంటారు. తర్వాత వాళ్లు న్యూయార్క్ తిరిగి వచ్చారు, చిన్న చెల్లెలు సజీ కలిసింది. కింగ్ క్రిమ్సన్ అనే బ్రిటిష్ రాక్ బృందపు గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ ఈ ఆల్బం నిర్మించాడు. ఆయన చేసిన గొప్ప పని, హంగులు చేర్చకపోవడం. ఎక్కువగా గిటార్లు, మూడు గొంతులే. ‘హామండ్ సాంగ్’లో మాత్రం ఆయన గిటారు ఒక్కో స్వరాన్ని సాగదీస్తూ నాలుగో మనిషిలా వచ్చి చేరుతుంది.

నేను ఇల్లు వదిలి వచ్చేటప్పుడు అమ్మ అన్న మాటలన్నీ ఆ పాటలో ఉన్నాయి. మొదట విన్నప్పుడు అవి నా చెవిన ఎందుకు పడలేదో ఆశ్చర్యమే.

మీరు వినేటట్లయితే ఒక మాట. మొదటిసారి మ్యాగీని మాత్రమే పట్టుకోండి. అన్నింటికన్నా కింద, మంద్రంలో నడిచే గొంతు ఆమెది. నేల మీద చాప పరిచినట్లుంటుంది. రెండోసారి టెర్రీ పై గొంతు వెంట వెళ్లండి. మూడోసారి ఈ రెండింటి మధ్య సజీ వినిపిస్తుంది. ఆ తర్వాత దేన్నీ పట్టుకోకుండా వినండి. నాకు ఇంత తెలిసేటప్పటికి మ్యాగీ లేరు. 2017 జనవరిలో చనిపోయారు. ఆమె ఉండగా ఈ చుట్టుపక్కలే ఉండి ఒక్క కచేరీకీ వెళ్లలేదన్న బాధ నాకు పోదు.

మా పెద్దక్క రాజమండ్రిలో ఉంటుంది. తన గొంతు చిన్నప్పటి నుంచీ బరువు. సంగీతం క్లాసులో ఆడపిల్లలందరికీ అయిదున్నర కట్టె శ్రుతి, అంటే బాగా పై స్థాయి, పెట్టేవారు. అక్క నాలుగు దాటితే పాడలేకపోయేది. నోరు మాత్రం కదుపు, చాలు అన్నారు ఒకరోజు. అక్క ఆ వారమే మానేసింది. ఇంట్లో హారతి పాటకి కూడా పళ్లెం పట్టుకుని నిలబడేది, గొంతు కలిపేది కాదు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో అక్కకి ‘హామండ్ సాంగ్’ వినిపించాను. ముందు ఏమీ చెప్పలేదు. బియ్యం ఏరుతూ వింటోంది. సగంలో చేట కింద పెట్టి, “కింద పాడుతున్నావిడ ఎవరే?” అని అడిగింది.

మ్యాగీ అని చెప్పాను. “మళ్లీ మొదటి నుంచి పెట్టు” అంది. రెండోసారి, చాలా మెల్లగా, మాటలు రాకపోయినా ఆ కింది బాణీని పట్టుకుని అక్క కూనిరాగం తీసింది. నేను ఫోను కదపకుండా పట్టుకుని కూర్చున్నాను.