ఆ మెయిల్ రాయాల్సింది మీరు కాదు, మీ అబ్బాయి

ప్రశ్న: సార్, మా అబ్బాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. ఆగస్టులో క్లాసులు. మొత్తం కోర్సుకు ఎంతవుతుందో కాలేజీ నుంచి కాగితం తెమ్మని బ్యాంకువాళ్లు అంటున్నారు. లోన్ మాటెత్తితే డబ్బు లేదనుకుని సీటు క్యాన్సిల్ చేస్తారని కన్సల్టెన్సీ భయపెడుతోంది. అడగొచ్చా? ఇల్లు తాకట్టు పెట్టి ప్రభుత్వ బ్యాంకులో తీసుకోవడం మంచిదా, తాకట్టు లేని ప్రైవేటు లోన్ మంచిదా? - ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: నిక్షేపంగా అడగొచ్చు. అడిగినందుకు సీటు పోయిన పిల్లాణ్ణి ఇన్నేళ్లలో నేను ఒక్కణ్ణీ చూడలేదు. స్టూడెంట్ వీసాకు కావలసిన ఐ-20 అనే పత్రం ఇచ్చేముందు డబ్బెలా కడతావో చూపించమని కాలేజీయే అడుగుతుంది. అప్పుడు చూపించే కాగితాల్లో బ్యాంకు శాంక్షన్ లెటర్ కూడా ఒకటి. అప్పు చేసి చదవడం వాళ్లకు వింత కాదు, వాళ్ల పిల్లలూ చాలామంది అలాగే చదువుతారు. మేనేజర్ ఎదుట కుర్చీ అంచున కూర్చునే అలవాటు మనది. ఆ బెరుకునే అక్కడిదాకా మోసుకెళ్తున్నాం.

అయితే ఏ ఆఫీసుకు రాస్తున్నారో చూసుకోండి. ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు ముఖ్యంగా చూసేది అక్కడి పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే లోన్లు, గ్రాంట్లు. ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లకు అవి రావు. మనవాళ్లు అక్కడికి రాస్తే ‘మీరు అర్హులు కారు’ అని రెండు లైన్ల జవాబొస్తుంది. ఒకమ్మాయి అది చదివి సీటే పోయిందనుకుని రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఖర్చు అంచనా, ఐ-20 ఇంటర్నేషనల్ ఆఫీసు పని. ఫీజు బిల్లు, బ్యాంకు డబ్బు పంపాల్సిన ఖాతా వివరాలు బర్సర్ లేదా స్టూడెంట్ అకౌంట్స్ అనే ఫీజుల విభాగం వాళ్లిస్తారు.

ఐ-20 మొదటి పేజీలో ఖర్చు ఉంటుంది కదా అంటారేమో. అది సాధారణంగా ఒక విద్యా సంవత్సరం లెక్క. అందుకే మెయిల్‌లో సూటిగా అడగాలి: కోర్సు ఎన్ని సెమిస్టర్లు, ఒక్కోదానికి ట్యూషన్, తప్పనిసరి ఫీజులు, ఇన్సూరెన్స్, ఉండడానికి తినడానికి ఎంత, మొదటి ఫీజుకు ఆఖరు తేదీ ఏది. ఇవన్నీ లెటర్‌హెడ్ మీద కావాలని రాయాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రావాలి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే బ్యాంకు అక్కడ పట్టుకుంటుంది.

ఇప్పుడు కాస్త కోపంగా చెబుతాను, ఏమనుకోకండి. ఆ మెయిల్ మీరు రాయకండి, కన్సల్టెన్సీ చేత రాయించకండి. ఫెర్పా అనే చట్టం వల్ల, కాలేజీలో చేరాక విద్యార్థి ఒప్పుకోకుండా తండ్రికి కూడా ఫీజు వివరాలు చెప్పడానికి అక్కడివాళ్లు వెనకాడతారు. ఆరు లైన్ల మెయిల్ కూడా నాన్నే రాయాలంటే, ఆ కుర్రాడు అక్కడ అద్దె ఇల్లు ఎలా వెతుక్కుంటాడు? ముందు ఇది చూడండి: అప్లికేషన్‌లో ఇచ్చిన మెయిల్ ఐడీ ఎవరిది? చాలాచోట్ల కన్సల్టెన్సీయే తయారుచేసి పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకుంటుంది. ఇవాళే తీసుకుని మార్పించండి. ‘మీ ఖాతాలో డబ్బున్నట్టు బ్యాలెన్స్ మేం చూపిస్తాం’ అని కన్సల్టెన్సీవాళ్లు అన్నారా, అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి.

ఇక తాకట్టు సంగతి. ప్రభుత్వ బ్యాంకులో వడ్డీ సాధారణంగా తక్కువ, కాగితాల తిప్పలు ఎక్కువ. ప్రైవేటు ఫైనాన్స్‌లో పని త్వరగా అవుతుంది, వడ్డీ ఎక్కువ. చదువుకునే రోజుల్లోనే వడ్డీ కట్టమనేవాళ్లూ ఉంటారు. రెండింట్లోనూ సహ రుణగ్రహీతగా సంతకం మీదే, తాకట్టు లేనంత మాత్రాన బాధ్యత తప్పదు.

నన్ను కలవరపెట్టేది వేరే. అందరూ వెళ్తున్నారని వెళ్లే ఎంఎస్ మీద నాకు ఈమధ్య నమ్మకం సన్నగిల్లింది. చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి, అంటే ఓపీటీ, ఏడాది; స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సయితే మరో 24 నెలలు. ఆ తర్వాత హెచ్-1బీ ఉద్యోగ వీసా వస్తుందో రాదో మన చేతిలో లేదు. 40 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, పదేళ్లు అనుకుంటే, చదువుకాలపు వడ్డీ కలపకుండానే నెలకు దాదాపు 53 వేల ఈఎంఐ. తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తే అది కట్టగలడా? ఈ లెక్క వాడి చేతే వేయించండి. కట్టగలనని వాడు లెక్క చూపించి చెబితే నిశ్చింతగా పంపండి, మీరు తప్పేం చేయడం లేదు.

మెయిల్‌కు జవాబొచ్చేలోగా తాకట్టు పెట్టే ఇంటి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) తీసి పెట్టుకోండి. ఇల్లు గ్రామకంఠంలో, అంటే సాధారణంగా విడి పట్టాలుండని పాత ఊరి స్థలంలో ఉంటే ఆ మాట మొదటి రోజే బ్యాంకు లాయరు చెవిన వేయండి. జులైలో తెలిస్తే ఇంకో ఆస్తి చూపించే టైం ఉండదు.