వాదించినన్నాళ్లూ మా నానమ్మ వినలేదు

ఇంట్లోవాళ్లు వినడానికి కూడా ఇష్టపడని విషయం గురించి వాళ్లను ఆలోచింపజేయడం ఎలా అని అడిగారు. నా అనుభవం నేత్రదానం గురించి. మీ విషయం వేరే అయినా, నేను చేసిన తప్పు మీరు చేయకూడదని రాస్తున్నాను.

మాది మల్కాజిగిరి. కొన్నేళ్ల కిందట నేత్రదానం ఫారం నింపి, అదే ఊపులో దసరాకి అందరం కలిసినప్పుడు భోజనాల దగ్గర ఆ మాట ఎత్తాను. పెద్దనాన్న చేతిలో ముద్ద అలాగే పట్టుకుని "పండగ పూట ఏం మాటలురా ఇవి" అన్నాడు. అక్కడ ఊరుకోవాల్సింది. ఊరుకోకుండా, కన్నప్ప శివుడికి కళ్లు ఇవ్వలేదా, దధీచి వెన్నెముక ఇవ్వలేదా అని వాదనకు దిగాను. "కన్నప్ప శివుడికి ఇచ్చిండు, మీరు ఎవరికిస్తరో ఏమో" అంది నానమ్మ. తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. పదిమందిలో పెద్దవాళ్లది తప్పని తేల్చబోతే వాళ్లు ఇంకా బిగుసుకుపోతారు. నిజంగా చెప్తున్నా, ఆ పని మాత్రం చేయకండి.

మరి నాకెందుకంత పట్టుదల అంటే, నేత్రదాత కార్డు మన జేబులో ఉంటే సరిపోదు. మనిషి పోయాక ఆరు గంటల లోపే కళ్లు సేకరించాలి, ఐ బ్యాంకుకి ఫోన్ చేయాల్సింది ఇంట్లోవాళ్లే, సంతకం పెట్టాల్సిందీ వాళ్లే, వాళ్లు కాదంటే మనం ఎంత ఇష్టంగా రాసిచ్చినా ఆ పని జరగదు.

ఏడాదిపాటు ఆ మాట ఎత్తలేదు. నానమ్మకు శుక్లం ఆపరేషన్ అయ్యాక చెకప్‌కి బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లేవాణ్ని. ఒకసారి తిరిగొస్తూ ఆటోలో, "ఆ రోజు నీకు ఏం నచ్చలేదు నానమ్మా?" అని మాత్రం అడిగాను. వచ్చే జన్మలో గుడ్డిగా పుడతామని భయపడుతోందనుకున్నా, దానికి జవాబులు కూడా సిద్ధంగా పెట్టుకున్నా. ఆమె అన్నది వేరు. "వచ్చే జన్మ సంగతి ఎవరికెరుక? మీ అత్త కరీంనగర్ నుంచి వచ్చేసరికి నా కండ్లు గుంతలు పడి ఉంటే, ఆఖరి చూపు అట్ల చూసి తట్టుకుంటదారా?"

ఈ ప్రశ్న నేను ఎన్నడూ ఊహించలేదు. అందుకే జవాబు చెప్పలేదు, తర్వాతి చెకప్‌లో అక్కడి కౌన్సెలర్‌నే అడగమన్నాను. ఆమె ఓపిగ్గా చెప్పింది. కావాల్సింది ముఖ్యంగా నల్లగుడ్డు మీదుండే పల్చటి పొర, పని ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, రెప్పలు మూసేస్తారు, ముఖంలో తేడా తెలియదు. శుక్లం ఆపరేషన్ అయినవాళ్లూ ఇవ్వొచ్చు. మనవడు చెప్తే వాదనలా వినిపించేది, ఆమె చెప్తే విషయంలా వినిపించిందేమో. దారిలో నేను ఏమీ అడగలేదు, సరేనా అని కూడా అనలేదు. అలా అడిగి ఉంటే మళ్లీ మొదటికొచ్చేదని నా నమ్మకం.

కొన్ని నెలల తర్వాత నేను వంటింట్లో ఉండగా నానమ్మ అత్తతో ఫోన్‌లో చెప్తోంది: "శుక్లం తీసిన కండ్లు కూడా పనికొస్తయట. నాయి ఇచ్చేయున్రి." నేను గదిలోకి వెళ్లలేదు. అది వాళ్లిద్దరి మాట.

నానమ్మ తెల్లవారుజామున పోయింది. ఒంట్లో బాగాలేదని వారం ముందే వచ్చిన అత్త, నేను ఐ బ్యాంకుకి ఫోన్ చేసేలోపే ఫ్యాన్ ఆపేసి, తల కింద ఇంకో దిండు పెట్టి, మూసిన రెప్పల మీద తడి దూది ఉంచింది. ఆ పొర ఆరిపోకూడదని నానమ్మే చెప్పి ఉంచిందట. పెద్దనాన్న వద్దనలేదు. వచ్చినవాళ్లు పని ముగించేదాకా బయట మెట్ల మీద కూర్చుని, తర్వాత లోపలికొచ్చి వాళ్లమ్మ ముఖం వంక చాలాసేపు చూశాడు.

ఆయన ఇప్పటికీ ఫారం నింపలేదు. నేనూ అడగలేదు. మొన్న మాత్రం, షుగర్ ఉన్నవాళ్లవి తీసుకుంటారా అని ఆయనే అడిగాడు. తీసుకుంటారని చెప్పాను.